కేబుల్ లేకుండా ఫోన్ నుంచి ల్యాప్‌టాప్‌కి ఫొటోలు: క్వాలిటీ తగ్గకుండా ఎలా పంపాలి?

వేదాయపాళెం_వాణి
గురువారం, సాయంత్రం

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. పోయిన నెలలో మా పాప ఓణీల ఫంక్షన్ చేశాం. ఫొటోగ్రాఫర్ నేరుగా హాలు దగ్గరికే వచ్చాడు. అంతకు ముందు ఇంట్లో జరిగినవన్నీ, మంగళస్నానం, గాజులు తొడగడం, మా తమ్ముడు మేనమామగా ఓణీ కప్పడం, నా ఫోన్‌లోనే ఉన్నాయి. వెయ్యికి పైగా ఫొటోలు, కొన్ని వీడియోలు.

వీటిని కూడా ఆల్బమ్‌లో కలపాలని మా ఆశ. వాట్సాప్‌లో పంపితే, ఆల్బమ్ చేసే అబ్బాయి "ఇవి ప్రింటుకు పనికిరావక్కా, ఒరిజినల్స్ ఇవ్వండి" అన్నాడు. తన కంప్యూటర్‌లో ఒక ఫొటో పెద్దది చేసి చూపించాడు కూడా. ఓణీ జరీ అంచు మొత్తం పసుపు రంగు పూసినట్టు కలిసిపోయింది. ఫోన్‌లో అదే ఫొటో పెద్దది చేస్తే జరీ పోగులు విడివిడిగా కనిపిస్తున్నాయి.

నా ఫోన్ చార్జింగ్ పిన్ను పెట్టే చోట వదులైంది. చార్జింగ్ ఎక్కుతుంది గానీ కేబుల్ పెడితే ల్యాప్‌టాప్ గుర్తుపట్టడం లేదు. ఫోన్‌లోనే ఉండే క్విక్ షేర్‌లో (పక్కనున్న పరికరాలకు ఫైళ్ళు పంపేది) చూస్తే ల్యాప్‌టాప్ పేరు రావడం లేదు. లోకల్‌సెండ్ అనే అలాంటి యాప్ గురించి ఎవరో చెబితే అదీ రెండింటిలో వేశాను, ఒకదానికొకటి కనిపించడం లేదు. బ్లూటూత్‌లో పోతున్నాయి గానీ చాలా నిదానం. ఫోన్ ఆండ్రాయిడ్, ల్యాప్‌టాప్ విండోస్ 11, రెండూ ఒకే వైఫైలో ఉన్నాయి. ఆదివారం లోపల ఫొటోలు ఇవ్వాలి. చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్ళు చెప్పండి.

ఒంగోలు_సెల్‌సర్వీస్
గురువారం, రాత్రి

అక్కా, కేబుల్ సంగతి ముందు చూద్దాం, రెండు నిమిషాల పని. చార్జింగ్ మాత్రమే ఎక్కించే కేబుళ్ళు ఉంటాయి, వాటిలో డేటా తీగలే ఉండవు. ఫోన్‌తో పాటు బాక్సులో వచ్చిన కేబుల్ ఉంటే దానితో చూడండి. కేబుల్ పెట్టాక ఫోన్‌లో పైనుంచి కిందికి లాగితే "చార్జింగ్ దిస్ డివైస్" అని నోటిఫికేషన్ వస్తుంది. దాన్ని నొక్కి "ఫైల్ ట్రాన్స్‌ఫర్" ఎంచుకోవాలి.

ఇంకోటి. మా షాపుకు వదులైన పోర్టు అని వచ్చే ఫోన్లలో చాలావాటికి లోపల దూది, దుమ్ము గట్టిగా అణిగిపోయి ఉంటుంది. పిన్ను చివరిదాకా వెళ్ళదు. ఫోన్ ఆఫ్ చేసి, చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా అంచుల వెంబడి తీయండి. గుండుసూది, సేఫ్టీ పిన్ను అస్సలు పెట్టొద్దు, లోపలి కాంటాక్టులు వంగిపోతాయి. అప్పటికీ రాకపోతే చార్జింగ్ బోర్డు మార్చాలి. అది ఫంక్షన్ ఫొటోలు బయటికి తీసుకున్నాకే చేయించండి, తొందర లేదు.

వేదాయపాళెం_వాణి
గురువారం, రాత్రి

టూత్‌పిక్‌తో తీస్తే నిజంగానే దుమ్ము వచ్చింది తమ్ముడూ. చార్జింగ్ ఇప్పుడు గట్టిగా పడుతోంది. ల్యాప్‌టాప్ మాత్రం గుర్తుపట్టడం లేదు. కాబట్టి వైర్‌లెస్ దారే నాకు దిక్కు.

కోవూరు_మాస్టారు
గురువారం, రాత్రి

వాణమ్మా, ఆల్బమ్ అబ్బాయి చెప్పింది వంద శాతం నిజం. లెక్క చూపిస్తాను, అప్పుడు ఇంట్లోవాళ్ళకు కూడా నువ్వే చెప్పగలవు.

ఆల్బమ్‌లకు ఇప్పుడు ఎక్కువగా వేసేది 12 బై 36 అంగుళాల షీటు. మంచి ప్రింటుకు అంగుళానికి 300 చుక్కలు అంటారు. అంటే ఆ షీటు ఎత్తు 12 అంగుళాలకే 3,600 చుక్కలు కావాలి. 12 మెగాపిక్సెల్ ఫోన్ ఫొటో 4,000 బై 3,000 చుక్కలు. అది ఆ ఎత్తుకు దాదాపు సరిపోతుంది. అదే ఫొటో వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడుగు వైపు సుమారు 1,600 చుక్కలకు కుదించేస్తుంది. 1,600ని 300తో భాగిస్తే అయిదు అంగుళాల పైచిలుకు. దాన్ని షీటు నిండా సాగదీస్తే జరీ పోగులు ఎక్కడినుంచి వస్తాయి?

2023లో వాట్సాప్‌లో హెచ్‌డీ ఆప్షన్ వచ్చింది, దాంతో కొంత మెరుగు. అయినా ఒరిజినల్ ఒరిజినలే. వాట్సాప్‌లోనే పంపక తప్పకపోతే అటాచ్ గుర్తు నొక్కి, గ్యాలరీ బదులు "డాక్యుమెంట్" ఎంచుకుని ఫొటో పెట్టాలి. అలా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టు పోతుంది, ఒక్కో ఫైలు 2 జీబీ దాకా. కాకపోతే అదంతా నెట్ మీద ఎక్కి, మళ్ళీ నెట్ మీద దిగాలి. వెయ్యి ఫొటోలకు అది పని కాదు.

ఉదయగిరి_కోట
గురువారం, రాత్రి

షేర్‌ఇట్ వాడితే సరి కదా? అప్పట్లో అందరం అదే వాడేవాళ్ళం, క్షణంలో పోయేది.

చీమకుర్తి_గెలాక్సీ
గురువారం, రాత్రి

అన్నా, షేర్‌ఇట్, దానిలాంటిదే ఇంకో యాప్ జెండర్, రెండూ 2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌ల జాబితాలో ఉన్నాయి. ఈఎస్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్ కూడా ఆ జాబితాలోదే. ప్లే స్టోర్‌లో లేవని ఎక్కడెక్కడి సైట్ల నుంచో ఏపీకే ఫైళ్ళు (యాప్‌ను నేరుగా వేసుకునే ఫైళ్ళు) దించుకుంటున్నారు జనం. దయచేసి ఆ పని చేయొద్దు. గ్యాలరీ మొత్తం చూసే పర్మిషన్ అడిగే యాప్ అది, ఎవరు తయారుచేశారో తెలియని ఫైలుకు ఆ తాళం ఇవ్వకూడదు.

వాణక్కా, నేను గ్రానైట్ ఆఫీసులో పనిచేస్తాను. రోజూ నా పనే ఇది. క్వారీలో బ్లాకు తడిపి ఫొటో తీస్తాం, ఆఫీసుకు వచ్చి కంప్యూటర్‌లోకి ఎక్కించి కొనేవాళ్ళకు పంపుతాం. మా గెలాక్సీ రాయి అందమంతా నల్ల రాతిలోని బంగారు రంగు చుక్కల్లో ఉంటుంది. చుక్క చిన్నదా, పెద్దదా, ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయి అనేదాన్ని బట్టే బేరం. కుదించిన ఫొటోలో ఆ చుక్కలు సగం కనబడవు, ఉత్త నల్ల రాయిలా కనిపిస్తుంది. అందుకని మా దగ్గర ఫైలు ఒరిజినల్‌గా పోవడం తప్పనిసరి. నేను వాడేది లోకల్‌సెండ్. ఉచితం, ప్రకటనలు ఉండవు, అకౌంట్ అక్కర్లేదు, దాని కోడ్ కూడా ఎవరైనా చూసేలా బయట పెట్టారు. ఆండ్రాయిడ్, ఐఫోన్, విండోస్, మాక్, లినక్స్ అన్నింటిలో నడుస్తుంది.

మీకు అది పనిచేయకపోవడం యాప్ వల్ల కాదనిపిస్తోంది. క్విక్ షేర్‌లో లేదు, లోకల్‌సెండ్‌లోనూ లేదు అంటున్నారు. రెండు వేరు వేరు యాప్‌లలో ఒకటే సమస్య వచ్చిందంటే మీ వైఫైలోనో ల్యాప్‌టాప్ సెట్టింగ్‌లోనో అడ్డం ఉంది. కింద అడిగినవి చూసి చెప్పండి.

ల్యాప్‌టాప్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, ఆ తర్వాత మీ వైఫై పేరు మీద ప్రాపర్టీస్ నొక్కండి. అక్కడ "పబ్లిక్ నెట్‌వర్క్" అని ఉందా, "ప్రైవేట్ నెట్‌వర్క్" అని ఉందా? పబ్లిక్ అని ఉంటే విండోస్ మీ ల్యాప్‌టాప్‌ను పక్కవాళ్ళకు కనబడకుండా దాచేస్తుంది. ఇంట్లో ఉన్నప్పుడు ప్రైవేట్‌కు మార్చుకోవచ్చు.

లోకల్‌సెండ్ మొదటిసారి తెరిచినప్పుడు ఫైర్‌వాల్ (బయటి పరికరాలను అడ్డుకునే విండోస్ కాపలా) గురించి ఒక పెట్టె వచ్చి ఉంటుంది. అందులో "అలౌ" నొక్కారా, క్యాన్సిల్ చేశారా?

ల్యాప్‌టాప్‌లో గానీ ఫోన్‌లో గానీ వీపీఎన్ (నెట్‌ను వేరే దారిలో తిప్పే యాప్) ఏదైనా నడుస్తోందా?

మైపాడు_రొయ్యలు
గురువారం, రాత్రి

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాదీ ఇదే బాధ. రొయ్యల గుంటల దగ్గర రోజూ చెక్ ట్రే (మేత ఎంత మిగిలిందో చూసే పళ్ళెం) ఫొటోలు, నీళ్ళ టెస్ట్ రీడింగ్ ఫొటోలు తీస్తాను. షెడ్డులో ల్యాప్‌టాప్ ఉంది, అందులో తేదీ వారీగా పెట్టుకుంటే పంట చివర లెక్క తెలుస్తుంది. కానీ అక్కడ వైఫై లేదు, సిగ్నల్ ఒక గీత కూడా సరిగ్గా ఉండదు. నెట్ లేకుండా ఈ లోకల్‌సెండ్ పనిచేస్తుందా?

కోవూరు_మాస్టారు
గురువారం, రాత్రి

పనిచేస్తుంది నాయనా. ఇక్కడే చాలామందికి అయోమయం. వైఫై వేరు, ఇంటర్నెట్ వేరు. వైఫై అంటే మీ ఇంట్లో పరికరాల మధ్య గాలిలో వేసిన దారి. ఇంటర్నెట్ అనేది ఆ దారి చివర బయటి ప్రపంచానికి తెరిచే గేటు. ఫోన్ నుంచి ల్యాప్‌టాప్‌కు ఫొటో వెళ్ళడానికి గేటు దాటాల్సిన అవసరమే లేదు. ఫైబర్ తెగిపోయినా, రీచార్జ్ అయిపోయినా, రౌటర్ లైటు వెలుగుతుంటే చాలు, ఇంట్లో ఇంట్లోనే పోతుంది.

రౌటర్ కూడా లేని చోట ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి, ల్యాప్‌టాప్‌ను దానికి కలపాలి. అప్పుడు ఫోనే రౌటర్ అవుతుంది. మొబైల్ డేటా ఆపేసినా చాలా ఫోన్లలో హాట్‌స్పాట్ నడుస్తుంది, ఆపేయడమే మంచిది కూడా. లేకపోతే ల్యాప్‌టాప్‌కు నెట్ దొరికిందని విండోస్ అప్‌డేట్లు మొదలై మీ డేటా మొత్తం తాగేస్తాయి. ఫొటోలు పంపడానికి మాత్రం ఒక్క ఎంబీ డేటా కూడా ఖర్చు కాదు.

మైపాడు_రొయ్యలు
గురువారం, రాత్రి

ఈ మాట నాకు ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు మాస్టారూ. నెట్ ఉంటేనే పోతుందనుకుని సాయంత్రం ఇంటికొచ్చి ఎక్కించేవాణ్ణి. రేపు పొద్దున్నే షెడ్డులో చూసి చెబుతాను.

వేదాయపాళెం_వాణి
శుక్రవారం, ఉదయం

చీమకుర్తి తమ్ముడూ, చూశాను. పబ్లిక్ అని ఉంది, ప్రైవేట్‌కు మార్చాను. ఫైర్‌వాల్‌లో లోకల్‌సెండ్‌కు రెండు టిక్కులూ ఉన్నాయి. వీపీఎన్ లేదు. అయినా కనిపించడం లేదు.

ఒక విషయం చెప్పడం అవసరమేమో. మాది అద్దె ఇల్లు. వైఫై పైన ఓనరు ఆంటీ వాళ్ళది, మాకు పాస్‌వర్డ్ ఇచ్చారు. వైఫై పేరు చివర "గెస్ట్" అని వస్తుంది. దానివల్ల ఏమైనా తేడా ఉంటుందా?

చీమకుర్తి_గెలాక్సీ
శుక్రవారం, ఉదయం

దొరికింది అక్కా. గెస్ట్ వైఫై అంటే చుట్టాలకు, బయటివాళ్ళకు ఇచ్చేది. వాళ్ళకు ఇంటర్నెట్ అందుతుంది గానీ, ఆ వైఫైలో ఉన్న ఫోన్లు, కంప్యూటర్లు ఒకదాన్నొకటి చూసుకోకుండా రౌటర్ అడ్డుకుంటుంది. ఓనరు వాళ్ళ టీవీ, కెమెరాలు మీకు కనబడకూడదు, మీవి వాళ్ళకు కనబడకూడదు అని పెట్టిన ఏర్పాటు. కొన్ని రౌటర్లలో దాన్ని ఏపీ ఐసోలేషన్ (ఏపీ అంటే యాక్సెస్ పాయింట్) అంటారు. అది మంచి ఏర్పాటే, మీ కోసం తీసేయమని ఆంటీని అడగొద్దు. హాస్టళ్ళు, కాలేజీలు, హోటళ్ళలోని వైఫైలో కూడా ఇలాగే ఉంటుంది.

పైన మాస్టారు మైపాడు అన్నకు చెప్పిందే మీకూ మందు. మీ ఫోన్‌లో హాట్‌స్పాట్ వేసి ల్యాప్‌టాప్ కలపండి. హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో బ్యాండ్ అని ఉంటే 5 గిగాహెర్ట్జ్ పెట్టండి, మీ ల్యాప్‌టాప్‌లో అది పట్టకపోతే 2.4కు మార్చుకోండి. కొత్త వైఫై కాబట్టి విండోస్ మళ్ళీ పబ్లిక్ అని పెట్టి ఉంటుంది, దాన్ని ప్రైవేట్ చేయండి.

తర్వాత రెండింటిలో లోకల్‌సెండ్ తెరవండి. ల్యాప్‌టాప్‌కు అది తనంతట తనే "నైస్ ఆరెంజ్" లాంటి పండు పేరేదో పెట్టుకుంటుంది, కంగారు పడొద్దు, అది మీదే. ల్యాప్‌టాప్‌లో "రిసీవ్" మీద ఉంచి, సెట్టింగ్స్‌లో ఫొటోలు ఏ ఫోల్డర్‌లోకి రావాలో ముందే చూపించండి. ఫోన్‌లో "సెండ్" నొక్కి, ఫొటోలు ఎంచుకుని, కింద కనబడే ఆ పండు పేరు మీద నొక్కాలి. ల్యాప్‌టాప్‌లో "యాక్సెప్ట్" అనగానే మొదలవుతుంది.

వెయ్యీ ఒకేసారి పెట్టొద్దు. రెండు మూడు వందల చొప్పున పంపండి. ఎక్కడైనా ఆగితే ఏది పోయింది, ఏది పోలేదు అని వెతుక్కోవడం తేలిక. పంపుతున్నంతసేపు ఫోన్ తెర ఆరిపోకుండా చూసుకోండి, బ్యాటరీ సేవర్ తీసేయండి, ల్యాప్‌టాప్ చార్జింగ్‌లో పెట్టండి. తెర ఆరిపోగానే కొన్ని ఫోన్లు వెనక నడిచే యాప్‌ను ఆపేస్తాయి. పంపడం మధ్యలో ఆగడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

ఒంగోలు_సెల్‌సర్వీస్
శుక్రవారం, మధ్యాహ్నం

క్విక్ షేర్ గురించి కూడా నాలుగు మాటలు. ఇది గూగుల్‌ది. ముందు నియర్‌బై షేర్ అనేవాళ్ళు, 2024 జనవరిలో శాంసంగ్ వాళ్ళ క్విక్ షేర్‌తో కలిపి ఒకే పేరు పెట్టారు. ఫోన్‌లో ముందే ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో మాత్రం విండోస్ కోసం ఉన్న యాప్ విడిగా వేసుకోవాలి, గూగుల్ ఆండ్రాయిడ్ సైట్ నుంచే దించుకోండి. రెండింటిలో బ్లూటూత్, వైఫై రెండూ ఆన్‌లో ఉండాలి, రెండూ ఒకే గదిలో ఉండాలి. ల్యాప్‌టాప్ యాప్‌లో "ఎవరు పంపొచ్చు" అనే చోట మీ డివైసులకు మాత్రమే అని పెట్టుకుని, రెండింటిలో ఒకే గూగుల్ అకౌంట్‌తో లాగిన్ అయితే ప్రతిసారీ యాక్సెప్ట్ నొక్కే పని కూడా ఉండదు. ఫొటోలు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడతాయి.

"ఎవరైనా" అని పెట్టి అలాగే వదిలేయడం మంచిది కాదు. బస్టాండులో కూర్చున్నా పక్కవాళ్ళ ఫోన్‌లో మీ పేరు కనబడుతుంది.

ఉదయగిరి_కోట
శుక్రవారం, మధ్యాహ్నం

బ్లూటూత్ ఎందుకంత నిదానం? ఫొటో ఒకటే కదా, గాలిలోనే కదా పోయేది.

కోవూరు_మాస్టారు
శుక్రవారం, సాయంత్రం

ఫోన్ల మధ్య ఫైళ్ళు పంపే బ్లూటూత్ వేగం, కాగితం మీద కూడా సెకనుకు 3 మెగాబిట్లే. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి సెకనుకు అర ఎంబీ కూడా లేదు. వాణమ్మ దగ్గర వెయ్యి ఫొటోలు, ఒక్కోటి 4 ఎంబీ అనుకుంటే మొత్తం 4 జీబీ. బ్లూటూత్ నూటికి నూరుపాళ్ళు పనిచేసినా మూడు గంటలు, మామూలుగా ఇంకా ఎక్కువ. అదే వైఫైలో సెకనుకు 5 ఎంబీ వచ్చినా పావుగంటలోపు అయిపోతుంది. 5 గిగాహెర్ట్జ్‌లో దగ్గర పెట్టుకుంటే ఇంకా తొందరగా పోతాయి. హెడ్‌ఫోన్‌లు, కీబోర్డులు బ్యాటరీ ఎక్కువ తినకుండా నడవాలని బ్లూటూత్‌ను తయారుచేశారు. పెద్ద ఫైళ్ళు మోయడం దాని పని కాదు.

అందుకే క్విక్ షేర్ లాంటివి బ్లూటూత్‌ను పక్కనున్న పరికరాన్ని కనుక్కోవడానికి మాత్రమే వాడుకుని, అసలు ఫైలును వైఫై మీద పంపుతాయి.

మైపాడు_రొయ్యలు
శుక్రవారం, సాయంత్రం

షెడ్డులో చూశాను. సిగ్నల్ లేదు, డేటా ఆఫ్, హాట్‌స్పాట్ ఆన్. నిన్నటి చెక్ ట్రే ఫొటోలన్నీ టీ తాగేలోపు ల్యాప్‌టాప్‌లోకి వచ్చేశాయి. ఒక డౌటు. ల్యాప్‌టాప్‌లో ఫొటోలన్నింటికీ ఈ రోజు తేదీ చూపిస్తోంది. నాకు తీసిన రోజు తేదీ ముఖ్యం, మేత ఎప్పుడు ఎంత మిగిలిందో దాన్నిబట్టే చూసుకోవాలి.

చీమకుర్తి_గెలాక్సీ
శుక్రవారం, సాయంత్రం

అది ఫైలు ల్యాప్‌టాప్‌లోకి వచ్చిన తేదీ అన్నా. తీసిన తేదీ, టైము ఫొటో ఫైలు లోపలే రాసి ఉంటాయి, ఒరిజినల్ పంపితే అవి ఎక్కడికీ పోవు. ఫోల్డర్‌లో పైన ఉన్న కాలమ్ పేర్ల మీద రైట్ క్లిక్ చేసి "డేట్ టేకెన్" టిక్ పెట్టండి. దాన్ని నొక్కితే తీసిన వరుసలో వచ్చేస్తాయి. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫొటోలకు ఆ వివరం తుడిచేసి ఉంటుంది, వాటికి ఈ పద్ధతి పనిచేయదు. మీలాంటి లెక్కలు రాసుకునేవాళ్ళు ఒరిజినలే పంపుకోవడానికి ఇది ఇంకో కారణం.

వేదాయపాళెం_వాణి
శుక్రవారం, రాత్రి

వచ్చేశాయి! అన్నీ వచ్చేశాయి! హాట్‌స్పాట్ పెట్టగానే లోకల్‌సెండ్‌లో ల్యాప్‌టాప్ కనిపించింది. తమ్ముడు చెప్పినట్టు రెండు వందలు, రెండు వందలుగా పంపాను. భోజనాలు అయ్యేలోపు వీడియోలతో సహా పూర్తయింది. మేనమామ ఓణీ కప్పే ఫొటో ల్యాప్‌టాప్‌లో పెద్దది చేసి మా అమ్మకు చూపించాను. జరీ పోగులే కాదు, పాప కళ్ళల్లో నీళ్ళు తిరిగిన సంగతి కూడా అప్పుడే మా అందరికీ కనిపించింది. ఫోన్ తెర మీద అది ఎవరమూ గమనించలేదు.

మీ అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. ఫోన్ నిండిపోయి ఉంది, ఇప్పుడు ఫోన్‌లోవి తీసేయొచ్చా?

కోవూరు_మాస్టారు
శుక్రవారం, రాత్రి

తల్లీ, ఇప్పుడే వద్దు. ముందు లెక్క సరిచూడు. ఫోన్‌లో ఆ ఫోల్డర్‌లో ఎన్ని ఉన్నాయి, ల్యాప్‌టాప్‌లో ఎన్ని ఉన్నాయి. ల్యాప్‌టాప్ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ నొక్కితే ఫైళ్ళ సంఖ్య, సైజు వస్తాయి. తర్వాత అక్కడక్కడా కొన్ని తెరిచి చూడు, ముఖ్యంగా చివరివి, వీడియోలు. మధ్యలో ఆగిన ఫైలుకు పేరు ఉంటుంది గానీ తెరవదు.

అన్నీ సరిగ్గా ఉంటే ఇంకో కాపీ వేరే చోట పెట్టు. పెన్‌డ్రైవ్ గానీ, హార్డ్‌డిస్క్ గానీ. ఒక్క ల్యాప్‌టాప్‌లోనే ఉండి, ఫోన్‌లో తీసేస్తే, మళ్ళీ ఒక్క చోటే ఉన్నట్టు. ల్యాప్‌టాప్ పాడయిందంటే పాప ఫంక్షన్ మళ్ళీ చేయలేం కదమ్మా. రెండు చోట్ల ఉన్నాయని నిర్ధారణ అయ్యాకే ఫోన్‌లోవి తీసేయి.

ఉదయగిరి_కోట
శుక్రవారం, రాత్రి

గూగుల్ ఫొటోస్‌లో ఎలాగూ ఉంటాయి కదా మాస్టారూ, ఇంకో కాపీ దేనికి?

కోవూరు_మాస్టారు
శుక్రవారం, రాత్రి

ఉంటే మంచిదే, కానీ ఉందో లేదో చూసుకోవాలి. 2021 జూన్ 1 నుంచి అక్కడ ఉచితంగా అంతులేకుండా పెట్టుకోవడం ఆగిపోయింది. జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడింటికీ కలిపి 15 జీబీ. అది నిండిన రోజు నుంచి బ్యాకప్ ఆగిపోతుంది, చాలామంది గమనించరు. రెండోది ఇంకా ముఖ్యం. గూగుల్ ఫొటోస్ యాప్‌లో ఒక ఫొటో డిలీట్ చేస్తే ఫోన్‌లోనూ, క్లౌడ్‌లోనూ రెండు చోట్లా పోతుంది. ఫోన్‌లో ఖాళీ కావాలంటే "ఫ్రీ అప్ స్పేస్" అనే ఆప్షన్ విడిగా ఉంది, దాన్నే వాడాలి. అది బ్యాకప్ అయినవాటిని ఫోన్‌లోంచి మాత్రమే తీస్తుంది.

కావలి_ఇంజనీరింగ్
శనివారం, ఉదయం

నాది ఐఫోన్, ల్యాప్‌టాప్ విండోస్. ఎయిర్‌డ్రాప్‌లో ల్యాప్‌టాప్ కనిపించడం లేదు. పైన చెప్పినట్టు లోకల్‌సెండ్ వేశాను, అయినా ఐఫోన్‌కు ల్యాప్‌టాప్ కనిపించలేదు.

చీమకుర్తి_గెలాక్సీ
శనివారం, ఉదయం

ఎయిర్‌డ్రాప్ ఆపిల్ వాళ్ళ పరికరాల మధ్య పంపుకోవడానికి చేసింది తమ్ముడూ, విండోస్ ల్యాప్‌టాప్ అందులో రాదు. లోకల్‌సెండ్ రావాలంటే ఐఫోన్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో "లోకల్ నెట్‌వర్క్" తెరవు. లోకల్‌సెండ్ పక్కన బటన్ ఆన్ చేయి. యాప్ మొదటిసారి అడిగినప్పుడు వద్దని నొక్కితే అది ఆఫ్‌లో ఉండిపోతుంది. నువ్వు హాస్టల్ వైఫైలో ఉంటే వాణక్క సమస్యే నీకూ ఉంటుంది, హాట్‌స్పాట్ పెట్టుకో.

కావలి_ఇంజనీరింగ్
శనివారం, మధ్యాహ్నం

ఆ బటనే ఆఫ్‌లో ఉంది అన్నా, ఇప్పుడు వచ్చింది. ఫొటోలు పోయాయి కానీ ల్యాప్‌టాప్‌లో తెరుచుకోవడం లేదు. ఫైలు పేరు చివర హెచ్ఈఐసీ అని ఉంది.

ఒంగోలు_సెల్‌సర్వీస్
శనివారం, మధ్యాహ్నం

2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పటి నుంచి ఐఫోన్లు ఆ ఫార్మాట్‌లో దాస్తున్నాయి. అదే నాణ్యతకు జేపెగ్‌తో పోలిస్తే జాగా బాగా తక్కువ పడుతుంది. విండోస్‌లో తెరవాలంటే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో "హెచ్ఈఐఎఫ్ ఇమేజ్ ఎక్స్‌టెన్షన్స్" అని ఉంటుంది, అది వేసుకో. ఇకమీదట తీసేవి జేపెగ్‌లోనే రావాలంటే ఐఫోన్‌లో సెట్టింగ్స్, కెమెరా, ఫార్మాట్స్, "మోస్ట్ కంపాటిబుల్" పెట్టు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా ఈ ఫార్మాట్‌ను ఆన్ చేసే ఆప్షన్ కెమెరా సెట్టింగ్స్‌లో ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే ఆండ్రాయిడ్ వాళ్ళకూ ఇదే ఇబ్బంది వస్తుంది.

వేదాయపాళెం_వాణి
శనివారం, సాయంత్రం

పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ పెట్టాను మాస్టారూ, లెక్క కూడా సరిపోయింది. రేపు ఆల్బమ్ షాపుకు పట్టుకెళ్తున్నాను. ఒక్క అనుమానం. మా ఆడపడుచు ఫోన్‌లో కూడా కొన్ని ఫొటోలు ఉన్నాయి, ఆమె నేరుగా షాపుకే వస్తుంది. షాపువాళ్ళ కంప్యూటర్‌లో యాప్‌లు వేయనివ్వరు. అప్పుడు ఎలా?

చీమకుర్తి_గెలాక్సీ
శనివారం, సాయంత్రం

ఆమె ఫోన్ పోర్టు బాగుంటే షాపులో కేబుల్ పెట్టడమే అన్నిటికంటే తేలిక అక్కా. కుదరకపోతే పెయిర్‌డ్రాప్ అనే సైటు ఉంది. రెండింటిలో బ్రౌజర్‌లో ఆ సైటు తెరిస్తే, ఒకే వైఫైలో ఉన్నవి ఒకదానికొకటి కనబడతాయి, యాప్ వేయక్కర్లేదు. సైటు తెరవడానికి నెట్ కావాలి, ఫొటోలు మాత్రం నేరుగా ఫోన్ నుంచి కంప్యూటర్‌కే పోతాయి. పదో ఇరవయ్యో అయితే ఇది హాయిగా ఉంటుంది, వందల్లో అయితే వద్దు. షాపు కంప్యూటర్‌లో ఆమె జీమెయిల్ లాగిన్ చేసి దించుకోవడం మాత్రం చేయనివ్వొద్దు. లాగౌట్ మర్చిపోతే ఇంట్లో ఫొటోలన్నీ అక్కడే తెరిచి ఉంటాయి.

కావలి_ఇంజనీరింగ్
శనివారం, రాత్రి

ఆ ఎక్స్‌టెన్షన్ వేశాక అన్నీ తెరుచుకున్నాయి. మరి ఇప్పుడు మొత్తం జేపెగ్‌కు మార్చేసి, హెచ్ఈఐసీలు తీసేయనా?

చీమకుర్తి_గెలాక్సీ
శనివారం, రాత్రి

తీసేయొద్దు. మార్చిన ప్రతిసారీ ఫొటో కొంత నాణ్యత పోగొట్టుకుంటుంది, పోయింది మళ్ళీ రాదు. హెచ్ఈఐసీలను ఒక ఫోల్డర్‌లో అలాగే ఉంచు. ప్రింటుకో, ఎవరికైనా పంపడానికో కావాల్సినవాటిని మాత్రం విండోస్ ఫొటోస్ యాప్‌లో తెరిచి, "సేవ్ యాజ్"లో జేపెగ్‌గా ఇంకో ఫోల్డర్‌లోకి దాచుకో.